తలస్నానం రోజు తలనొప్పి

ఉప్పల్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఈమధ్య స్నానం సగంలో ఆరిపోతోందట. బ్యాటరీలు మార్చినా అంతేనట. ఏం చెయ్యాలని అడిగి, చివర్లో ఒక్క ముక్క చేర్చారు: "మా అమ్మాయికి తలస్నానం చేసిన రోజల్లా తలనొప్పి, వికారం. జుట్టు ఒత్తు, తడి ఆరక కాబోలు. మాత్ర వేసి పడుకోబెడితే తగ్గుతుంది."

అమ్మా, నన్ను భయపెట్టింది ఆ చివరి ముక్కే. తగ్గించింది మాత్ర కాకపోవచ్చు, గదిలోంచి బయటికి వచ్చి పీల్చిన గాలి కావచ్చు.

తలుపులు మూసిన చిన్నగదిలో గ్యాస్ మండితే ప్రాణవాయువు తరిగిపోతుంది. అది చాలనప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండరు లీకయితే ముక్కు పట్టేస్తుంది, అందులో వాసన కావాలని కలుపుతారు కనుక. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తం ప్రాణవాయువు కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం; తర్వాత కళ్ళు తిరుగుతాయి; ఆపైన గడియ తీద్దామన్నా చెయ్యి లేవదు. మామూలు రోజున అయిదు నిమిషాల్లో బయటపడే పిల్ల, కుంకుడుకాయ రుద్దుకునే రోజున అరగంట లోపలే ఉంటుంది. తేడా అక్కడ ఉంది.

ఇక గీజరు సంగతి. నీటి ధార తగ్గితే మంట దానంతటదే ఆరిపోతుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో గిన్నెల అడుగున చేరే తెల్లటి సున్నపు పొరే గీజరు జాలీలోనూ చేరుతుంది, దాన్ని కడిగించండి. అయితే కొన్ని గీజర్లలో గదిలో ప్రాణవాయువు తగ్గగానే మంట ఆర్పే ఏర్పాటు ఉంటుంది. లోపల ఎవరూ లేకుండా తలుపు, కిటికీ బార్లా తీసి బకెట్లు నింపి చూడండి. అప్పుడు ఆరకపోతే గీజరు చెడిపోలేదు, మీ అమ్మాయిని కాపాడుతోందన్నమాట! ఆ ఏర్పాటు తీసేసి ఊరికే వెలిగేలా చేస్తానన్న మెకానిక్కును గుమ్మం ఎక్కనివ్వకండి.

గీజరును బాల్కనీలోకి మార్పించి, వేడినీళ్ళు గొట్టంతో లోపలికి తెప్పించుకోండి. అంతవరకు తలుపు తీసి ఉంచి బకెట్ నింపుకుని, గీజరు ఆర్పి, గాలి ఆడాకే స్నానం. చలికి వెంటిలేటరులో కుక్కిన అట్టముక్క ఈరోజే తీసెయ్యండి. ఫ్యాను ఉందిగా అంటారేమో, బయటి గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే అదేం లాగుతుంది?

ఎవరైనా లోపల పడిపోతే తలుపు తెరిచి, వెంటనే బయటికి లాగి, గ్యాస్ కట్టేసి 108కి ఫోన్ చెయ్యండి. గ్యాస్ గీజరు ఉన్న గదిలో పడిపోయారని డాక్టరుకు తప్పక చెప్పండి. వేలికి తగిలించే ఆక్సిమీటరు ఈ విషవాయువును కూడా ప్రాణవాయువుగానే లెక్కకట్టి అంతా బాగుందని చూపిస్తుంది. ఫిట్స్ వస్తే మూర్ఛరోగమని పొరబడే ప్రమాదమూ ఉంది. అమ్మాయిని కూడా ఒకసారి డాక్టరుకు చూపించి, ఈ గీజరు సంగతి చెప్పండి.

మంట నీలంగా కాక పసుపుపచ్చగా వస్తోంది, పైన మసి పడుతోంది అని రాసిన నాచారం పాఠకులకు: బర్నరు పూడుకుపోయి ఉంటుంది. బాగుచేయించేదాకా వెలిగించకండి, పొయ్యిమీద కాచుకోండి.