మొదటి రూపాయి ఎక్కడ?

ప్లాస్టిక్ చెత్త నుంచి ఇంధనం తీస్తామనే కంపెనీల్లో డబ్బు పెట్టాలనుకునేవారు ముందుగా ఆ చెత్త ఎలా వస్తోందో అడగాలి. గాలి తగలకుండా 400 డిగ్రీలకు పైగా వేడిచేస్తే పాలిథిన్ కవర్ల నుంచి నూనె వస్తుంది, నిజమే. కానీ ఆ చెత్తలో పీవీసీ పైపు ముక్కలు కలిస్తే పుట్టే ఆమ్లవాయువు యంత్రాన్నే తినేస్తుంది. తడి చెత్త కలిస్తే వేడిలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన విద్యుత్ కేంద్రమైతే చెత్తను నూనెగా మార్చకుండా మండిస్తుంది. ఏ దారిలో వెళ్లినా ప్లాస్టిక్ పుట్టింది చమురు, సహజవాయువుల నుంచే, కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ తప్పదు. ‘స్వచ్ఛ’ అన్న ముద్రను కాదు, పొగ కొలతలను చూడండి. అంతకన్నా మేలైన దారీ ఉంది: సిద్దిపేట జిల్లా పల్లెల్లో విందులకు గిన్నెలిచ్చే స్టీల్ బ్యాంకులు ఈ చెత్తను పుట్టకుండానే ఆపుతున్నాయి. అదే జిల్లాలోని గజ్వేల్–ప్రజ్ఞాపూర్ మున్సిపాలిటీ కూడా తన మొదటి రూపాయి వాటికే, ఇంటింటా తడి–పొడి వేరుచేయడానికే పెట్టాలి.