నాలుగున్నర గంటల లెక్క

2021 వేసవిలో పొద్దున లేస్తే వినబడే మాట ఒకటే. ‘సీటీ స్కోరు ఎంతొచ్చింది?’ ఎనిమిదా, పదకొండా, పదిహేనా అని చుట్టాలంతా ఫోన్లు చేసి ఆరా తీసేవారు. ఊపిరితిత్తుల బొమ్మ కోసం స్కానింగ్ సెంటర్ల ముందు జనం బారులు తీరారు. అదే యంత్రం, అదే బల్ల. తల భాగాన్ని తీస్తే మెదడు నాళంలో గడ్డ అడ్డుపడిందో, నాళం చిట్లి రక్తం చిమ్మిందో తేల్చడానికి నిమిషాలు చాలు. ఛాతీ మీద పెట్టిన ధ్యాసలో పదో వంతు కూడా మనం తల మీద పెట్టలేదు. కరోనాను ఊపిరితిత్తుల జబ్బుగా చూశాం, ఊపిరితిత్తుల జబ్బుగానే దస్త్రం కట్టి అటకెక్కించాం.

అది రక్తనాళాల జబ్బు కూడా. నాళం లోపలి పొర మామూలుగా నున్నగా ఉండి రక్తాన్ని అంటుకోనివ్వదు. వైరస్ సోకినప్పుడు, దాని మీద ఒళ్లు చేసే యుద్ధం అదుపు తప్పినప్పుడు, ఆ పొర వాచి గరుకు తేలుతుంది. గరుకు చోట రక్తఫలకికలు పట్టుకుంటాయి, చిక్కబడ్డ రక్తం గడ్డ కడుతుంది. కొవిడ్ వార్డుల్లో డాక్టర్లు రోజూ డీ డైమర్ చూసిందీ, హెపారిన్ ఇంజెక్షన్లు పొడిచిందీ ఇందుకే. ఆ గడ్డ కాలిలో నిలిస్తే వాపు, ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆయాసం, మెదడుకు ఎక్కితే పక్షవాతం. ఊళ్లో చెప్పే మాటలో అయితే, కాలూ చెయ్యీ పడిపోవడం.

పక్షవాతం ముసలివాళ్ల జబ్బన్న ధీమాను పోగొట్టింది కూడా కరోనాయే. 2020లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యులు రెండు వారాల్లోనే యాభై ఏళ్లలోపు కొవిడ్ రోగులు ఐదుగురిని మెదడులోని పెద్ద నాళం మూసుకుపోయిన స్థితిలో చూశారు. వారిలో అందరికన్నా చిన్నామె వయసు 33. అంతకుముందు ఏడాదంతా ఆ వైద్యుల దగ్గరికి ఇలాంటి పక్షవాతంతో యాభైలోపు వాళ్లు సగటున రెండు వారాలకు ఒక్కరు కూడా వచ్చేవారు కాదు. స్వీడన్ లెక్కల్లో వైరస్ సోకిన మొదటి వారం, రెండో వారం ముప్పు అన్నిటికన్నా ఎక్కువని తేలింది. అమెరికా మాజీ సైనికుల రికార్డులు తిరగేసిన వారికి, కొవిడ్ తగ్గిన ఏడాదిలో పక్షవాతం ముప్పు యాభై శాతం పైగా పెరిగినట్టు, వెయ్యిమందికి సుమారు నలుగురు అదనంగా దాని పాలైనట్టు కనబడింది. జ్వరం వచ్చి తగ్గిన ప్రతివారూ బెంబేలెత్తాల్సిన పనిలేదు, విడిగా ఒక మనిషికి ఆ ముప్పు చిన్నదే. కోట్ల మందికి సోకిన జబ్బులో చిన్న ముప్పు ఎంత పెద్ద సంఖ్య అవుతుందో లెక్క వేయాల్సింది సర్కారు.

మన సర్కారు వేసిన లెక్క వేరు. 2020లో తెలంగాణ వైద్యశాఖ బులెటిన్ మరణాలను రెండుగా విడగొట్టి చూపేది. కొవిడ్ వల్ల దాదాపు 46 శాతం, ఇతర జబ్బుల వల్ల దాదాపు 54 శాతం అని. బీపీ, షుగరు ఉన్న మనిషికి కరోనా సోకి, రక్తం గడ్డకట్టి, మెదడు దెబ్బతిని పోతే ఆ చావు ఏ గడిలో పడాలి? బీపీ ఖాతాలో వేసేస్తే చేతులు దులుపుకోవచ్చు. నిప్పు పెట్టినవాడిని వదిలి ఎండుగడ్డి మీద కేసు పెట్టినట్టుంటుంది ఆ పద్ధతి. బులెటిన్ల తీరును హైకోర్టు పలుమార్లు తప్పుబట్టింది. అయినా కొవిడ్ తర్వాత కాలూ చెయ్యీ పడిపోయి, ప్రాణంతో మిగిలి, మంచాన పడ్డవారి గడి ఆ బులెటిన్‌లో ఎన్నడూ లేదు. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయినప్పుడు కన్నూ దవడా పోతాయన్న భయమే అందరి నోటా వినబడింది. ఆ ఫంగస్ నాళాల గోడల్లోకి చొచ్చుకుపోయి మెదడుకు రక్తం ఆపేయగలదు. అది కూడా పక్షవాతమే, అది కూడా కరోనా తెచ్చిన తంటాయే.

ఈ లెక్క నేల మీద ఎలా ఉంటుందో చూడటానికి ఇప్పుడు కొత్వాల్‌గూడకు వద్దాం. హిమాయత్‌సాగర్ ఒడ్డున, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఊరు. ఎకో పార్కు పేరుతో నగరవాసులకు తెలిసిందే. కాస్త దూరంలో 2008 మార్చి 23న మొదలైన శంషాబాద్ విమానాశ్రయం. 2020లో సరిగ్గా దాని పన్నెండో పుట్టినరోజునే దేశంలోకి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఆ తర్వాత మే నెలలో గల్ఫ్ నుంచి మనవాళ్లను తీసుకొచ్చిన విమానాలు దిగిందీ ఇక్కడే. సామాను మోసేవారు, క్యాబ్ నడిపేవారు, రాత్రి డ్యూటీలో ఊడ్చేవారు చుట్టుపక్కల బస్తీల వాళ్లే. వైరస్‌కు మొదట ఎదురు నిలిచిన జనం వీళ్లు.

ఆ జనంలో ఒక క్యాబ్ డ్రైవరును ఊహించుకుందాం. నలభై రెండేళ్లు, బీపీ ఉంది, గోళీ ఒకరోజు వేసుకుంటాడు, ఒకరోజు మరుస్తాడు. పది రోజుల కింద జ్వరమొచ్చి తగ్గింది. రాత్రి రెండింటికి నీళ్లు తాగుదామని లేచాడు, చేతిలోంచి స్టీలు గ్లాసు జారింది. వంగి తీయబోతే చెయ్యి మాట వినలేదు. ‘ఏమైందయ్యా?’ అని భార్య అడిగితే మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దముద్దగా వచ్చింది. అక్కణ్నుంచి గడియారం తిరగడం మొదలు. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. తీగ పంపి గడ్డను బయటికి లాగే చికిత్సకు ఆరు గంటలు, స్కానింగ్‌లో బతికే అవకాశమున్న మెదడు కనబడితే కొందరికి ఇరవై నాలుగు గంటల దాకా.

ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? ‘గాలి సోకింది, పొద్దున్నే చూద్దాం’ అంటుంది పెద్దావిడ. పావురం నెత్తురు రుద్దితే నరాలు లేస్తాయంటాడు పక్కింటాయన. మెడికల్ షాపులో రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్ అడుగుతాడు తమ్ముడు. గడ్డ కాక నాళం చిట్లి ఉంటే ఆ గోళీయే ప్రాణం మీదికి తెస్తుంది, సీటీ తీయకుండా దాన్ని మింగించడం గుడ్డి దెబ్బ. వీళ్లను మూఢులని ఎగతాళి చేయడం సులువు. పావురం కంటే ముందు అందేలా ఇంజెక్షన్‌ను మనం ఎక్కడ పెట్టామని?

సరే, వాళ్లు 108కే ఫోన్ చేశారనుకుందాం. దేశానికే దారి చూపిన ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే. బండి వచ్చింది. ఎటు పోవాలి? ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే మెహిదీపట్నం దాకా 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా వెళ్లొచ్చు, అక్కణ్నుంచి మాసబ్‌ట్యాంక్ మీదుగా పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రి. రాత్రి రెండింటికైతే సాఫీ, సాయంత్రం ఆరింటికైతే దేవుడే దిక్కు. వానాకాలం హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే ఔటర్ సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొచ్చి దారి మూసేసిన రోజులున్నాయి. దగ్గర్లో కనబడిన దవాఖానలో దింపితే, అక్కడ సీటీ లేదని ఇంకో చోటికి, అక్కడ డాక్టరు లేడని మరో చోటికి పంపిస్తే గడువు రోడ్ల మీదే కరిగిపోతుంది.

ఇదే శంషాబాద్ నుంచి నగరంలోని ఆస్పత్రికి దానమిచ్చిన గుండెను తరలించేటప్పుడు పోలీసులు గ్రీన్ చానెల్ ఏర్పాటు చేస్తారు, కూడలి కూడలిలో ట్రాఫిక్ ఆపి దారి ఇస్తారు. ఆ పని అద్భుతం, మనమంతా చప్పట్లు కొట్టాం. పెట్టెలో ఉన్న గుండెకు ఇచ్చిన దారి, అంబులెన్సులో ఉన్న మెదడుకూ కావాలి. ప్రతి రోగికీ నగరాన్ని ఆపలేం, నిజమే. అందుకే నిమ్స్ చేసే పనిలో మొదటి సగాన్ని, అంటే సీటీ తీసి ఇంజెక్షన్ ఇవ్వడాన్ని, శంషాబాద్‌కే తేవాలని ఈ పత్రిక డిమాండ్ చేస్తోంది.

అది గొంతెమ్మ కోరిక కాదు. హిమాచల్ ప్రదేశ్ 2014లోనే చేసి చూపింది. కొండల మధ్య జిల్లా ఆస్పత్రుల్లో న్యూరాలజిస్టులు లేకపోతే, సీటీ బొమ్మలు ఫోన్‌లో నిపుణులకు పంపి, వాళ్లు సరే అనగానే అక్కడి డాక్టరే ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు చేసింది, మందు ఉచితంగా ఇచ్చింది. ఘాట్ రోడ్ల రాష్ట్రానికి సాధ్యమైంది ఎనిమిది వరసల ఔటర్ ఉన్న మనకు ఎందుకు కాదు? గుండెపోటుకు స్టెమీ పేరుతో ఇలాంటి గొలుసు తెలుగు రాష్ట్రాలు రెండూ ఇప్పటికే అల్లుకున్నాయి. ఈసీజీ ఫోన్‌లో వెళుతోంది, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ చిన్న ఊళ్లలోనే పడుతోంది. గుండెకు పనికొచ్చిన గొలుసును మెదడు దాకా పొడిగించమంటున్నాం.

శంషాబాద్ సర్కారు దవాఖానలో ఇరవై నాలుగు గంటలూ సీటీ తీసే టెక్నీషియన్ ఉండాలి, ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉండాలి, నిమ్స్‌లో ఫోన్ ఎత్తే న్యూరాలజిస్టు ఉండాలి. 108 సిబ్బందికి మూతి వంకర, చెయ్యి వాలడం, మాట తడబాటు చూడగానే బండి ఎటు తిప్పాలో రాసిన జాబితా ఉండాలి. రోగి ఎక్కగానే ఆస్పత్రికి కబురు వెళ్లాలి. ఇంజెక్షన్ ఒక్క డోసే వేలల్లో ఉంటుంది కనుక డబ్బు కట్టిన రశీదు కోసం సూది ఆగకుండా చూడాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచిన సర్కారుకు ఇది భారమేమీ కాదు.

కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకు ఈ గొడవ అనేవారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తేసింది అత్యవసర పరిస్థితినే, వైరస్‌ను ఎవరూ ఎత్తేయలేదు. 2025 వేసవిలోనూ దేశంలో కేసులు వచ్చాయి. ఫ్లూ వంటి ఇతర జ్వరాల తర్వాత కూడా పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇంకొందరు టీకానే ముద్దాయిని చేస్తున్నారు. కొవిషీల్డ్ తరహా టీకాతో గడ్డలు కట్టిన కేసులు నిజమే, అవి అత్యంత అరుదు. జబ్బు సోకితే వచ్చే గడ్డల ముప్పు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తేడా చెప్పకుండా వాట్సాప్‌లో భయం పంచేవారు బీపీ గోళీ మానేయమని చెప్పేవారితో సమానం.

కొవిడ్ తర్వాత ఏడాదిలోపు పక్షవాతం వచ్చినవారెందరో నిమ్స్, గాంధీ, ఉస్మానియా రికార్డులు తిరగేసి వైద్యశాఖ ప్రకటించాలి. వారిలో ఫిజియోథెరపీ అందక ఇంట్లో ఉండిపోయినవారిని ఆశా కార్యకర్తలతో వెతికించాలి. ఆ లెక్క తేలేదాకా ఆగకుండా, ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. రాత్రి రెండింటికి పక్షవాతం రోగికి సీటీ తీసి ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రులు శంషాబాద్ చుట్టూ ఏవేవో ఒక కాగితం మీద రాసి, 108 బండ్లలో డ్రైవరు ఎదురుగా అతికించడం. అందులో ఒక్క సర్కారు దవాఖాన పేరైనా ఉందో లేదో కొత్వాల్‌గూడ జనం చదివి చెబుతారు.