ఇనుము లెక్క ఎవరు చూస్తారు?

పాలిపోయిన ముఖంతో పిల్ల కనబడితే చాలు, "రక్తం తక్కువ, ఐరన్ మాత్ర మింగించండి" అంటారు. ఆశ్రమ పాఠశాలల్లో మేమూ ఏళ్ల తరబడి మింగించాం. ఆ నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. తలసేమియా మేజర్ ఉన్నవాళ్లకు, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్లకు అది ఆపాలని ప్రభుత్వ నియమాల్లోనే ఉంది. ఆ కాగితం మా బడిదాకా రాలేదు. మేమూ అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

ఈ పిల్లల్లో రక్తం తగ్గేది ఇనుము లేక కాదు. సికిల్ సెల్‌లో ఎర్రకణాలు తొందరగా విరిగిపోతాయి, తలసేమియాలో సరిగా తయారే కావు. అందుకే రక్తం ఎక్కిస్తారు. ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. రోజుకు బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలింది కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. పిల్ల ఎదగదు, షుగర్ వస్తుంది, గుండె దెబ్బతింటుంది.

తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు మూడు నెలలకోసారి ఫెరిటిన్ పరీక్ష చేయాలి. అది 1000 దాటి నిలిస్తే డెఫెరాసిరాక్స్ లాంటి ఇనుము తీసే మందు కావాలి. ఫెరిటిన్ ఒక్కటే చాలదు. జ్వరం వచ్చినా, సికిల్ నొప్పులు వచ్చినా అది పెరుగుతుంది. కాలేయంలో, గుండెలో ఎంత ఇనుము ఉందో చెప్పేది ఎంఆర్‌ఐ. దానికోసం మా గూడెం తల్లి ఎన్ని బస్సులు మారాలి?

2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అన్నారు. మంచిదే. కానీ చేతిలో కార్డు పెట్టడంతో వైద్యం అయిపోయినట్టా? మా తలలు లెక్కపెట్టినవాళ్లు మా ఒంట్లో ఇనుము లెక్కపెట్టరేం?

"అడవి జనం మందులు సరిగా వాడరు" అంటారు. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని వెళ్తే "స్టాకు లేదు" అని తిప్పి పంపితే ఎవరు వాడగలరు?

మాత్రలు పారేయమని మేం అనడం లేదు. ఇనుము నిజంగా తక్కువైన పిల్లలకు అవి కావాలి. ముందు పరీక్ష, తర్వాత మాత్ర. టీచర్లారా, ఎవరికి ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో నోటుబుక్కులో రాసిపెట్టండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆసుపత్రికి వెళ్లినప్పుడు "ఫెరిటిన్ ఎంత?" అని అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. మనం అడిగేది దయ కాదు, హక్కు.