ఎర్రబడ్డ ప్రతి కంటికీ ఒకటే సీసానా?

వరికోత మిషన్ చేలో దిగిందంటే గాలంతా నూగే. కల్లంలో వడ్లు ఆరబోసే ఆమె కంట్లో ఊక ముక్క పడుతుంది. కొంగు కొసతో తనే తీసుకుంటుంది, లేదంటే పక్కామె తీస్తుంది. మర్నాటికి కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, వెలుతురు వైపు తిప్పనివ్వదు. మూడో నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, మండల కేంద్రంలో మందుల షాపుకో వెళ్తే వినిపించే తీర్పు ఒక్కటే: ‘కండ్లకలకనే, చుక్కలేస్కో, తగ్గుతది.’ చేతికొచ్చే ఆ సీసాలో యాంటీబయాటిక్‌తో పాటు చాలాసార్లు డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలుతుంది. మన ఊళ్లలో దాన్ని ‘పువ్వు’ అంటారు. ఎవరు పెట్టారో గాని అందమైన పేరే. ఆ పువ్వు వేసిన కంటితో మళ్లీ సూదిలో దారం ఎక్కించడం మాత్రం కుదరదు.

ఊకతోనో, పత్తి ఆకు అంచుతోనో నల్లగుడ్డు మీద గీత పడితే, ఆ గీతలోకి మట్టిలోని బూజు చేరుతుంది. కన్ను ఎర్రబడడం ఆ బూజుతో ఒళ్లు చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది, బూజును కాదు. అందుకే పుండు లోతుకు పోతున్నా పైకి కన్ను తేటపడ్డట్టే ఉంటుంది. అసలు మందు నాటమైసిన్ చుక్కలు. ఖరీదైన వొరికొనజోల్ కన్నా అవే మేలని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగిన ప్రయోగం 2013లోనే తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వాటిని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మందు ఉంది. పుండును బూజు పుండుగా గుర్తించే కన్నే రోగికి సకాలంలో దొరకడం లేదు.

నొప్పితో ఎర్రబడ్డ కన్ను అంటే ఒకే జబ్బు కాదు. కండ్లకలకలో ఇసుక పడ్డట్టు గరగర ఉంటుంది, పుసి కడుతుంది. అయినా చూపు పెద్దగా తగ్గదు, నొప్పి ప్రాణం తీయదు. చాలామందికి వారం రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. యువియైటిస్ వేరు. అది కంటి లోపలి పొరల వాపు. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ గుమిగూడుతుంది, కనుపాప చిన్నదైపోతుంది, పగటి వెలుతురు సూదుల్లా గుచ్చుతుంది. దీనికి స్టెరాయిడ్ చుక్కలే అసలు మందు. కనుపాపను విప్పార్చే చుక్కలు కూడా వెంటనే వేయాలి, లేకపోతే దాని అంచు వెనకున్న కటకానికి అతుక్కుపోతుంది. మూలం వెతికితే ఒక్కోసారి క్షయ బయటపడుతుంది. ఒక్కోసారి పొద్దున లేవగానే నడుం పట్టేసే కుర్రవాడి వెన్నెముక వాతం బయటపడుతుంది. ఇక నీటికాసులు ఒక్కసారిగా ముదిరితే కన్ను రాయిలా బిగుస్తుంది, తలపోటు, వాంతులు తోడవుతాయి. ఆ మనిషిని గ్యాస్ అనో, పైత్యం అనో కడుపు మందులతో ఇంటికి పంపేస్తే చూపు గంటల లెక్కన పోతుంది.

అంటే ఒక కంటిని నిలబెట్టే చుక్కే ఇంకో కంటిని తీసేస్తుంది. ఏ కన్ను ఏదో చూడకుండా సీసా చేతిలో పెట్టడాన్ని వైద్యమంటారా?

చట్టం లేక కాదు. 1945 నాటి ఔషధ నియమాల్లోని షెడ్యూల్ ‘హెచ్’ ప్రకారం ఇలాంటి మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పైపూతలకు అందులో మినహాయింపు ఉంది. కంటి, చెవి, ముక్కు మందులకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదని ప్రత్యేకంగా రాసిపెట్టారు. ఆ ఒక్క మాట రాసినవారికి కన్ను విలువ తెలుసు. అమలు చేయాల్సిన ఔషధ నియంత్రణ యంత్రాంగానికి తెలిసినట్టు లేదు.

పాలకులు కళ్లను పట్టించుకోలేదా అంటే, బ్రహ్మాండంగా పట్టించుకున్నారు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలైంది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడతకు జెండా ఊపారు. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా కళ్లు చూశారు, ఊరూరా కళ్లద్దాలు పంచారు. పేపరు చదవలేని ముసలమ్మ చేతికి అద్దాలు అందడాన్ని తప్పుపట్టే మూర్ఖత్వం మాకు లేదు. అయితే శిబిరం ఊళ్లోకి వస్తుంది, పోతుంది. నొప్పెట్టే కన్ను శిబిరం తేదీ చూసుకుని నొప్పెట్టదు. రెండో విడత ముగిసిన కొన్ని వారాలకే, 2023 జూలై వానలకు వరంగల్‌లో హంటర్ రోడ్డు, ఎన్జీవోస్ కాలనీ మునిగిన రోజుల్లోనే, రాష్ట్రమంతా కండ్లకలక ముసురుకుంది. ఇళ్లూ హాస్టళ్లూ ఎర్రకళ్లతో నిండాయి. వాటిలో ఏది కలక, ఏది పుండు అని వేరుచేసి చూసే ఏర్పాటు మండల స్థాయిలో అప్పుడు ఏం మిగిలింది?

జాతీయ అంధత్వ సర్వే (2015–19) చూడండి. యాభై ఏళ్లలోపు వారి అంధత్వంలో 37.5 శాతానికి కారణం నల్లగుడ్డు మీది మచ్చలే. శుక్లం ముసలితనంలో వస్తుంది, ఆపరేషన్‌తో పోతుంది. పువ్వు పని చేసే వయసులో వస్తుంది, గుడ్డు పొర మార్పిడి దాకా పోతుంది. మనం లెక్కలు చెప్పుకునేది మాత్రం అద్దాలవీ, శుక్లం ఆపరేషన్లవీ.

వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, కాకతీయ వైద్య కళాశాల ఉంది. ఏటూరునాగారం నుంచి ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని, ఒక మనిషిని తోడు తీసుకుని, రెండు బస్సులు మారి వచ్చేసరికి వారం దాటుతుంది. అప్పుడు డాక్టరు మొదట అడిగేది ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అనే. ఆ ప్రశ్న రోగిని కాదు, ప్రభుత్వాన్ని అడగాల్సింది.

నేపాల్ మనకన్నా సంపన్న దేశమేమీ కాదు. అక్కడి భక్తపూర్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్తలకే ఫ్లోరెసిన్ పట్టీ, నీలి టార్చి, క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ ఇచ్చి రెండేళ్లు చూశారు. పట్టీ తడిపి కంటికి తాకించి నీలి వెలుతురు వేస్తే గీత పడ్డచోటు పచ్చగా మెరుస్తుంది. అలా గీత తేలిన 442 మందికి మూడు రోజులు ఆయింట్‌మెంట్ వేశారు. 424 మందికి పుండు పడకుండానే మానింది. దెబ్బ తగిలిన పద్దెనిమిది గంటల్లోపు వచ్చినవారిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఆ ఫలితాలు 2001లోనే అచ్చయ్యాయి.

మన ఆశా కార్యకర్తలకు, పల్లె దవాఖానాలకు ఈ పని చేతకాదా? పాత వరంగల్ జిల్లా విడిపోయి ఏర్పడ్డ ఆరు జిల్లాల్లో ప్రతి పీహెచ్‌సీకీ పట్టీలు, టార్చి, ఆయింట్‌మెంట్ చేర్చాలి. వానాకాలం కోతలు మొదలయ్యేలోపే చేర్చాలి. నాటమైసిన్ జిల్లా ఆసుపత్రిలో ఎప్పుడూ ఉండాలి. స్టెరాయిడ్ చుక్కలు చీటీ లేకుండా అమ్మే షాపు లైసెన్సు రద్దు చేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు.

అప్పటిదాకా పాఠకులకు ఒక్క మాట. కన్ను ఎర్రబడి నొప్పెడుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకేసినా మందుల షాపు మెట్లెక్కకండి. చనుబాలు, ఆకు పసరు పోయనివ్వకండి. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటికే చుక్కలు వేసి ఉంటే, ఆ సీసా కూడా పట్టుకెళ్లండి.