జాదూఘరు లెక్క అప్పగించవలసినదే

కలకత్తా పురవాసులగు ఆంధ్ర సోదరసోదరీమణులకు,

రామపూర్వ సింహము పగిలినది. అశోకుని స్తంభాగ్రమున నిలిచి, పిదప మట్టిలో కూరుకుపోయి, ఇరువది రెండు శతాబ్దుల కాలమునకు లొంగక చౌరంగీలోని జాదూఘరునకు, అనగా ఇండియన్ మ్యూజియమునకు, వచ్చి చేరిన యా శిలామూర్తి, సంస్థకు రెండువందల యేండ్లు నిండుచున్నవని మందిరములను ముస్తాబు చేయు తొందరలో, 2013 డిసెంబరున తావు మార్చుచుండగా దెబ్బతినినది. పత్రికలు వ్రాసిన పిమ్మట గాని మనకు తెలియలేదు. ఉత్సవము మాత్రము ముహూర్తము తప్పక 2014 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధానమంత్రి చేతులమీదుగా జరిగిపోయినది.

ఎవరో కూలివాని చేయి జాఱినదని సరిపెట్టుకొనువారు కలరు. 2004 డిసెంబరులో గుప్తుల కాలపు బుద్ధశిరస్సు ఈ భవనమునుండియే అపహృతమైనప్పుడు జాఱినది ఎవరి చేయి? లక్షకు మించిన వస్తువులను కాపాడుచున్న సంస్థ, ఏది యెక్కడనుండి వచ్చినది, ఎవరు తెచ్చిరి, నేడే స్థితిలో నున్నదను లెక్కను పూర్తిగా అచ్చువేసి ప్రజలముందు పెట్టవలెను. ఆ లెక్క సరిచూడబడక యొక్క రాయిని గూడ కదల్పరాదు. మనము కోరునది ఇంతే.

ఈ లెక్కలో మన వాటా యేమో వినుడు. కృష్ణాతీరమున అమరావతి దీపాలదిన్నెను చూచి, 1816లో మరల వచ్చి త్రవ్వించి చిత్రములు వ్రాయించిన కర్నల్ మెకంజీ, అందలి శిలాఫలకములు కొన్నిటిని బందరు రేవునుండి కలకత్తాకు పంపెను. దేశభాషలు రాని ఆ దొరకు శాసనములు చదివి పెట్టినవారు, గ్రామగ్రామము తిరిగి స్థానిక చరిత్రలగు కైఫీయతులు సేకరించినవారు ఏలూరి కావలి సోదరులు. వారిలో బొఱ్ఱయ్య ముప్పదియేండ్లయినను నిండకయే 1803లో గతించెను. లక్ష్మయ్య దొరవెంట ఈ నగరమునకు వచ్చెను. రామస్వామి 1829లో ఇచ్చటనే దక్షిణదేశ కవుల చరిత్రను ఇంగ్లీషున అచ్చువేయించెను. 1821లో మెకంజీ చనిపోగా, అట్లు చేరిన కైఫీయతుల, శాసనముల సంగ్రహమునకై ఈస్టిండియా కంపెనీవారు ఆయన భార్యకు పదివేల పౌండ్లు ముట్టజెప్పిరి. విల్సన్ పండితుడు 1828లో దాని పట్టికను ప్రకటించి కీర్తి గడించెను. మిగిలిన పనిని తాను సాగించెదనని లక్ష్మయ్య అర్థించినప్పుడు మాత్రము, ఏషియాటిక్ సొసైటీ పక్షమున జేమ్స్ ప్రిన్సెప్ మున్నగువారు, ఆ నేటివునకు అంతటి విమర్శనాశక్తి యుండదని తేల్చివేసిరి. మూడు దశాబ్దులు పని చేసిన చేతికి సందేహము, సొమ్ము చెల్లించిన చేతికి గౌరవము!

ఇది పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. వస్తువును తెచ్చినవాని పేరు మఱచిన సంస్థకు వస్తువునే మఱచుట యేపాటి కష్టము? అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కాలమున మనవారే యా రాళ్లను కట్టడములకు వాడుకొనలేదా యని యడుగువారితో వాదింప నాకు తీరికలేదు. పట్టిక ప్రకటించినచో దొంగలకు దారి చూపినట్లగునట! పట్టికలో లేని వస్తువే దొంగకు సులభము. డబ్బు లేదందురా, వేడుకకు దొరకినది కదా.

ఇక వినయముతో అర్జీలు పెట్టుకొను కాలము గడచినది. మెకంజీ నాటి అమరావతి ఫలకముల చెంత బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వాముల పేర్లు బంగాళీ, హిందీ, ఇంగ్లీషులతోపాటు తెలుగున చెక్కింపవలెను. సింహము పగిలిన తీరుపై విచారణ నివేదికను దాచక ప్రకటింపవలెను. అధికారులు తమ తప్పును తామే విచారించుకొనుట మాని, సంస్థతో సంబంధములేని శిల్పసంరక్షణ నిపుణులకు ఆ పని నప్పగింపవలెను.

ఈ కాగితము చేతికందిన ప్రతివారును, జాదూఘరు కేంద్రప్రభుత్వ సంస్థ గనుక, 2005 సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో నొక దరఖాస్తు పంపుడు. అమరావతినుండి వచ్చిన ఫలకములెన్ని, అవి ప్రదర్శనలో నున్నవా గోదాములో నున్నవా, కడపటి పరీక్ష యెప్పుడు జరిగినదని యడుగుడు. ముప్పది దినములలో సమాధానమీయవలెనని చట్టమే శాసించుచున్నది. రాకున్నచో అప్పీలు చేయుడు. ఖర్గపురమునందలి ఆంధ్ర రైల్వే సోదరులకు గూడ ఈ కాగితపు ప్రతులు పంపుచున్నాము.