కోటలో తంగేడుకు చోటు లేదా?

ఓరుగల్లు కోట చూసొచ్చిన మనోళ్ళను అడగండి. 'పచ్చగున్నది, రాళ్ళు మంచిగ చెక్కిన్రు' అంటరు. ఆ పచ్చదనం ఎవరిది, ఆ చెక్కుడు ఎవరిది అంటే నోరు మెదపరు. వాళ్ళ తప్పు కాదు. అక్కడ ఎవరూ చెప్పరు మరి.

మొన్న బతుకమ్మ సెలవులకు ముందు మా బడి పిల్లల్ని తీసుకొని కోటకు పోయాను. నాలుగు దిక్కుల నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉన్నయి. నడుమ ఒకప్పటి స్వయంభూ శివుడి గుడి. 1323లో ఢిల్లీ సైన్యం కోటను గెలిచినంక ఆ గుడి కూలింది. కూలిన గుడి రాళ్ళే ఇప్పుడు తోటలో సొమ్ము. సింహాలు, హంసలు, తామరపూలు చెక్కిన కప్పురాళ్ళు గడ్డి మీద వరసగా పెట్టి ఉన్నయి. చుట్టూ కాగితం పూలు, క్రోటన్లు. పిల్లలు మురిసిపోయిన్రు, నేనూ మురిసిపోయిన. అందం చూసి మురవడానికి మనకూ కండ్లున్నయి గదా.

ఆరో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "సార్, గిన్ని పూలున్నయి, తంగేడు లేదేంది?"

వెతికాను. నాకైతే కనబడలేదు. 2014లో రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం పెట్టిన్రు. ఆ ఏడే తంగేడును రాష్ట్ర పువ్వు అన్నరు, బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన్రు. తోరణం ముందర మాత్రం ఊరు పేరు తెలియని పూలు. గడ్డి పీకుతున్న అవ్వను ఒక చెట్టు చూపించి దీని పేరేందవ్వా అంటే, "ఏమో బిడ్డా, నీళ్ళు పోయమన్నరు, పోస్తున్న" అన్నది.

తంగేడు అంటే అందరికీ బతుకమ్మే యాదికొస్తది. నాకు లంద యాదికొస్తది. నేను మాదిగోళ్ళ ఇంట పుట్టినోణ్ణి, మా ఇంటి నుంచి డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా నాయిన తోలును సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టేటోడు. తోలును సంచిలెక్క కుట్టి చెట్టుకు వేలాడేసి లోపల చెక్క నీళ్ళు పోసేటోడు. రోజుల తరబడి పని. చెక్క కొట్టుకొచ్చేది మా అవ్వ. పండుగనాడు ఊరి ఆడబిడ్డలు అదే చెట్టు పువ్వు తెంపుకొని బతుకమ్మ పేర్చేటోళ్ళు. పువ్వు ముట్టుకుంటే పుణ్యం, చెక్క ముట్టుకుంటే అంటు! చెట్టేమో ఒక్కటే. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్న పోరడు లంద వాసనొస్తుందని ముక్కు మూసుకున్నడు. వాడి కాళ్ళకున్న చెప్పులు కుట్టింది మా నాయినే.

ఇంకో సంగతి. కరెంటు మోటర్లు రాకముందు ఊళ్ళల్ల బావి నీళ్ళు ఎట్ల పారినయి? మోటతోటి. ఆ తోలు ఎవరు ఊరబెట్టిన్రు? మా తాతలు. మా లంద లేంది దొర పూలతోటకు తడి లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇదే మాట అంటే మా తోటి పంతులు ఒకాయన నవ్విండు. "పూలల్లో కూడా కులమేనా సారూ?" అని. నేనేం తేలేదయ్యా కులం. కాకతీయులే తమ శాసనాల్లో చాలాచోట్ల నాలుగో వర్ణం వాళ్ళమని రాయించుకున్నరు. రాతి మీదున్నది చదివితే నాకు కులపిచ్చి అంటే ఎట్ల?

అట్లని శూద్ర రాజులు గనుక మనోళ్ళే అని సంబరపడే తమ్ముళ్ళు కొందరున్నరు. వాళ్ళకూ ఒక మాట. అగ్రహారాలు బ్రాహ్మలకు ఇచ్చింది ఆ రాజులే. కాకతీయుల కప్పం మీద కొట్లాడి సమ్మక్క, సారలమ్మ ప్రాణాలిచ్చిన్రని జనం చెప్పుకుంటరు. మేడారంలో వాళ్ళకు చెక్కిన విగ్రహం లేదు. వెదురు కర్ర, కుంకుమ భరిణె, అంతే.

మట్టికోట గోడ ఎత్తనీకి తట్టలు మోసినోళ్ళ పేర్లు ఏ శాసనంలో ఉన్నయి? రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, 1213లో. జనం మాత్రం చెక్కిన శిల్పి పేరని చెప్పి రామప్ప అని పిలుచుకుంటున్నరు. 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపులో కూడా ఆ పేరు ఉన్నది. చందుపట్ల శాసనం సంగతి ఇంకా వింత. రాణి రుద్రమదేవి చనిపోయిన సంగతి మనకు చెప్పింది ఆ 1289 నాటి రాయే. దాన్ని వేయించింది రాజకుమారుడు కాదు, మల్లికార్జున నాయకుడి కొలువులో ఉన్న పువ్వుల ముమ్మడి అనే మనిషి. తోటకు బోర్డు పెడితే మొదటి బోర్డు ఆ పువ్వుల ముమ్మడికి పెట్టాలె. ఫూలే ఇంటిపేరు కూడా పూల నుంచే వచ్చింది. పూనాలో పీష్వాల కొలువుకు పూలిచ్చిన మాలీల కుటుంబం అది.

కోటలోనే ఖుష్ మహల్ ఉన్నది. షితాబ్ ఖాన్ కట్టించిండని కొందరు, అంతకంటే ముందటి తుగ్లక్‌ల కట్టడమని కొందరు అంటరు. ఎవరు కట్టినా షితాబ్ ఖాన్ సంగతి పిల్లలకు చెప్పాలె. 1504 నాటి ఆయన శాసనం ఓరుగల్లులో ఉన్నది. ఆయన అసలు పేరు సీతాపతి అని, బోయ కులపోడని కొందరు చరిత్రకారుల మాట. ఆ ఓరుగల్లు ఏలిన బోయ మన పిల్లల నోట్లో లేడు.

మనం అడిగేది పెద్దదేం కాదు. తోరణాల పక్కన నాలుగు తంగేడు చెట్లు, ఇన్ని గునుగు మొక్కలు పెట్టాలె. తంగేడు దగ్గర ఒక బోర్డు: పువ్వు బతుకమ్మకు, చెక్క లందకు అని తెలుగులో, పిల్లలు చదవగలిగే అక్షరాలతో. రాళ్ళ దగ్గర ఇంకొకటి: రాయి పగలగొట్టినోళ్ళు, మోసినోళ్ళు, చెక్కినోళ్ళు ఉన్నరని. అర్జీ రాసి పెట్టిన. మా పిల్లలు సంతకాలు చేసిన్రు, మీ ఊరి సంఘం నుంచి కూడా పంపండి. ఎవరికిచ్చినా రసీదు అడిగి తీసుకోండి.

మా నాయినకు ఈ సంగతంతా చెప్పిన. చాలాసేపు మాట్లాడలేదు. "గాడ తంగేడు పెడితే చెక్క కొట్టనిస్తరా?" అన్నడు.