మెయిన్ ఆఫ్ చేస్తే చాలదూ?

"మెయిన్ ఆఫ్ చేసి జనరేటర్ తగిలిస్తే పోయేదానికి మళ్ళీ వేరే స్విచ్చెందుకు, దండగ" అని చాలా ఇళ్ళలో మగవాళ్ళు తీర్మానించేస్తారు. తీర్మానం వాళ్ళది, కరెంటు పోయిన వేళ ఇంట్లో ఉండేది మనం. అందుకే ఈ విషయంలో మన మాటే చెల్లాలంటాను.

జనరేటర్ కొనడమే తప్పని నేననను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక, మోటారు తిరగక, బిందెడు నీళ్ళకి ఎంత అవస్థపడ్డారో తెలిసినవాళ్ళెవరూ అనరు. నా పేచీ అంతా దాన్ని ఇంటికి కలిపే పద్ధతితోనే.

రెండు చివర్లా పిన్నులున్న వైరొకటి తయారుచేయించి, ఒక కొస జనరేటర్‌కీ రెండోది గోడ సాకెట్‌కీ పెట్టేస్తుంటారు. మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోతే ఆ కరెంటు మన ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి వీధి తీగల్లోకి వెళుతుంది. 11 వేల వోల్టులను తగ్గించి మనకిచ్చే ట్రాన్స్‌ఫార్మరే, వెనక నుంచి వచ్చిన మన 230 వోల్టులను మళ్ళీ వేలల్లోకి పెంచగలదు. లైన్ ఆపేశారన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ చెయ్యి ఆ తీగ మీదే ఉంటుంది. తుపాను రాత్రి అతని కోసం కూడా ఒక ఇల్లాలు అన్నం పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది కదా! "వాళ్ళు ఎర్త్ చేసుకుంటారులే" అంటారు. వాళ్ళ జాగ్రత్త వాళ్ళది, మన వంతు మనది.

పోనీ, మెయిన్ ఆఫ్ చేయడం గుర్తుంటుందనే అనుకుందాం. చీకట్లో, పిల్లల ఏడుపులో, పొయ్యి మీద కూర మాడుతుండగా? పాలు పొంగిపోని ఇల్లు చూపించండి, అప్పుడు నమ్ముతాను. పైగా ఆ వైరు సాకెట్‌లోంచి ఊడితే పిన్నులు బయటికుంటాయి, వాటిలో కరెంటూ ఉంటుంది.

చేంజోవర్ స్విచ్‌కి మతిమరుపుతో పనిలేదు. పిడి ఒకవైపు తిప్పితే ఊరి కరెంటు, రెండోవైపు జనరేటర్, మధ్యలో ఏదీ లేదు. రెండూ కలవడానికి దారే ఉండదు. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ మార్చేదే పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పండి. ఇన్వర్టర్‌కి ఇలాంటిదేదీ పెట్టలేదే అంటారా? అది తనంతట తాను మార్చుకునే ఏర్పాటు దాని లోపలే ఉంటుంది. చిన్న జనరేటర్‌లో మామూలుగా అది ఉండదు.

దాని మీద ఏవేవి నడవాలో కూడా మనమే చెప్పాలి. ఫ్రిజ్జు, లైట్లు, ఫ్యాన్లు చాలు. గీజర్ ఒక్కటే రెండు వేల వాట్లు లాగుతుంది, దాన్ని మరిచిపోవాల్సిందే. అన్నట్టు, వాన పడుతోందని జనరేటర్‌ని బాల్కనీలోకో వసారాలోకో తెస్తే ఒప్పుకోకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంత చెప్పినా ఆ స్విచ్‌కి డబ్బు పెట్టమంటే, జనరేటర్‌ని ఇంటి వైరింగ్‌కి కలపనివ్వకండి. బయట కిటికీలకు దూరంగా పెట్టించి, దాని నుంచి నేరుగా ఫ్రిజ్జుకీ ఒక ఫ్యానుకీ మంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగించండి.